పాత ఎఫ్40, కొత్త ఎఫ్40: 1:18 డైకాస్ట్‌లో ఏది ఉంచుకోవాలి?

పాతడబ్బా
అందరికీ నమస్కారం. నా దగ్గర 1:18 డైకాస్ట్‌లో (అసలు కారుకి 18వ వంతు సైజులో, లోహం పోతపోసి చేసే బొమ్మల్లో) ఫెరారీ ఎఫ్40లు రెండు చేరాయి. ఒకటి తొంభైల నాటిది, రెండోది ఈమధ్య తీసుకున్నది. రెండింటి అచ్చులూ వేరు. తయారీదారుల పేర్లు కావాలనే రాయడం లేదు. పేరు కనబడితే చాలు, చర్చ కారును వదిలేసి కంపెనీ మీదకి వెళ్లిపోతుంది. ఇక్కడ అందరికీ అనుభవమే.

బీరువాలో చోటు ఒక్కదానికే ఉంది. అదీ సమస్య.

పాతది చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉంటుంది. తలుపు వేస్తే టక్కున పడుతుంది. కానీ తలుపు చుట్టూ ఉన్న సందులో గోరు దూరిపోతుంది. ఇంజన్ అంటారా, ఒకే నల్ల ప్లాస్టిక్ ముక్క, దాని మీద అక్కడక్కడా వెండి రంగు. కొత్తదాంట్లో ఇంజన్ గొట్టాలు విడివిడిగా ఉన్నాయి. వెనక అద్దం మీది చీలికలు నిజంగానే తెరుచుకుని ఉన్నాయి. సీట్లు చూస్తే ఎర్ర గుడ్డ కుట్టినట్టే ఉన్నాయి. ఇంత ఉన్నా, రెండూ పక్కపక్కన పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్తే నా కన్ను పాతదాని మీదకే పోతోంది. ఇది చిన్నప్పటి మమకారమేనా, లేక పాతదాంట్లో నిజంగా ఏదైనా కుదిరిందా?

మూడోగేరు
కొత్తదే ఉంచండి. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఆ ఇంజన్ ఒక్కటి చాలు. పాతవి ఆడుకోవడానికి చేసినవి, కొత్తవి చూసుకోవడానికి చేసినవి.

అద్దాలబీరువా
అంత తొందరెందుకు మూడోగేరు గారూ. ఇంజన్ మూత మనం ఎప్పుడో గానీ తెరవం. మిగతా రోజులన్నీ కంటికి ఆనేది బాడీ ఆకారమే. అది తప్పితే లోపల ఎన్ని గొట్టాలు పెట్టి ఏం లాభం?

తూనికరాయి
రెండు బొమ్మల్ని ఒకదానితో ఒకటి పోలిస్తే ఎప్పటికీ తేలదు. రెండింటినీ అసలు కారుతో పోల్చండి.

ఎఫ్40 పొడవు 4358 మి.మీ., వెడల్పు 1970, ఎత్తు 1124, వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) 2450. అన్నిటినీ 18తో భాగిస్తే పొడవు 242, వెడల్పు 109 పైచిలుకు, ఎత్తు 62 పైచిలుకు, వీల్‌బేస్ 136 రావాలి. ఇంట్లో వెర్నియర్ కాలిపర్ ఉంటే కాసేపటి పని.

పొడవు, వీల్‌బేస్ దాదాపు అందరూ సరిగ్గానే చేస్తారు. దొంగ దొరికేది ఎత్తు దగ్గర, టైర్ల దగ్గర. అసలు కారుకి ముందు 245/40, వెనక 335/35 టైర్లు (మొదటి అంకె మి.మీ.లో వెడల్పు, రెండోది టైరు గోడ ఎత్తు అందులో ఎంత శాతమో), రిమ్ములు మాత్రం అన్నీ 17 అంగుళాలే. ఆ లెక్కన 1:18లో ముందు టైరు వ్యాసం 35 మి.మీ., వెనకది 37. వెడల్పు ముందు 13.6, వెనక 18.6. అంటే వెనక టైరు ముందుదానికంటే 5 మి.మీ. లావుగా కనబడాలి. ఎఫ్40 వెనక నుంచి అంత బలంగా కనిపించడానికి సగం కారణం ఈ టైర్లే. పాత అచ్చుల్లో ఖర్చు కలిసిరావాలని నాలుగింటికీ ఒకే టైరు తొడిగిన బొమ్మలు చాలా ఉన్నాయి. మీ పాతదాంట్లో ముందు అది చూడండి.

పాతడబ్బా
కొలిచాను.

పాతది: పొడవు 242, వీల్‌బేస్ 136, అచ్చంగా సరిపోయాయి. ఎత్తు మాత్రం 66. టైర్లు నాలుగూ ఒకటే, వ్యాసం 36.

కొత్తది: పొడవు 243, వీల్‌బేస్ 136, ఎత్తు 63. టైర్లు ముందు 35, వెనక 37. వెనకవి కంటితో చూసినా లావుగానే ఉన్నాయి.

కాగితం మీద కొత్తదే గెలిచింది. మరి నా కన్ను సంగతేంటి?

మూడోగేరు
చెప్పానా!

తూనికరాయి
ఆగండి. ఎత్తు 66 అంటే అసలు కారైతే ఆరున్నర సెంటీమీటర్లు పైకి లేచినట్టు. అది చిన్న తేడా కాదు. అయితే ఆ తేడా ఎక్కడుంది? పైకప్పు ఎత్తుగా పోతపోశారా, లేక కారు మొత్తం చక్రాల మీద లేచి నిలబడిందా? టైరు పైభాగానికీ ఫెండర్ (చక్రం మీది బాడీ భాగం) అంచుకీ మధ్య ఖాళీ చూడండి. బాడీ కింది అంచు నుంచి పైకప్పు దాకా విడిగా కొలవండి.

పాతడబ్బా
మీరన్నది నిజం. బాడీ ఒక్కటే కొలిస్తే రెండింటికీ తేడా లేదు. పాతదాంట్లో ఫెండర్ కింద ఖాళీ ఎక్కువ. కింద స్ప్రింగు సస్పెన్షన్ ఉంది, అదే కారును ఎత్తి పెడుతోంది. వేలితో నొక్కితే కిందకి దిగుతుంది, దిగినప్పుడు చూస్తే భలే ఉంది.

తూనికరాయి
ఇంకేం. పాతదాని బాడీలో తప్పేమీ లేదు, నిలబడే తీరులోనే తేడా.

ఎయిర్‌బ్రష్
కొలతలు సరే, కన్ను ఎందుకు అటే పోతోందో నాకొక అనుమానం. రెండింటినీ కిటికీ దగ్గర పెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూడండి. ముందు మూత మీది గాలి డక్టుల మూలలు, హెడ్‌లైట్ మూతల చుట్టూ ఉన్న గీత, తలుపు కింది అంచు, ఈ మూడు చోట్లా చూసి చెప్పండి.

ఎందుకంటే, మామూలు కారు మీద రంగుపొర మొత్తం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. దాన్ని 18తో భాగిస్తే ఐదారు మైక్రాన్లు. బొమ్మ మీద అంత పలచగా రంగు వేసి నిగారింపు తేవడం అయ్యే పని కాదు. బొమ్మల మీద ప్రైమర్, రంగు, క్లియర్ కోటు అన్నీ కలిసి దానికి ఎన్నో రెట్ల మందం ఉంటాయి. ఆ మందమంతా పోయి గీతల్లో పేరుకుంటుంది, మూలల్ని గుండ్రం చేస్తుంది. కొత్తవాటికి మెరుపు కోసం క్లియర్ కోటు దండిగా కొట్టడం మామూలైపోయింది. ఫోటోలో తళతళలాడుతుంది, చేతిలోకి తీసుకుంటే చాక్లెట్ పూత పూసినట్టుంటుంది.

ఎఫ్40 విషయంలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అసలు కారుకే బరువు తగ్గించాలని రంగు పలచగా వేశారు. ఎర్ర రంగు కింద నుంచి కాంపోజిట్ (రెసిన్‌తో గట్టిపరిచిన నారల) నేత లీలగా కనిపిస్తుంది. అలాంటి కారు బొమ్మకి మందపాటి నిగనిగలు ఎంత పెంచితే అసలుకి అంత దూరం.

పాతడబ్బా
ఎయిర్‌బ్రష్ గారూ, చూశాను. డక్టు మూలలు పాతదాంట్లో కత్తి అంచుల్లా ఉన్నాయి. కొత్తదాంట్లో రంగు మూలలోకి జారి, చిన్న గుంటలా మిగిలింది. హెడ్‌లైట్ మూత చుట్టూ గీత పాతదాంట్లో నాలుగు వైపులా సమంగా ఉంది. కొత్తదాంట్లో కింది వైపు పూర్తిగా పూడిపోయింది, అక్కడ గీత ఉందని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. పాతదాని మీద మెరుపు తక్కువే, కానీ ఆకారం విడివిడిగా తెలుస్తోంది. నన్ను లాగుతున్నది ఇదే.

మూడోగేరు
సరే, రంగు విషయంలో ఒప్పుకుంటాను. మరి పాతదాంట్లో తలుపు సందు సంగతి? అసలు కారులో 4 మి.మీ. సందుంటే 1:18లో 0.2 మి.మీ. రావాలి. గోరు దూరుతోందంటే అర మిల్లీమీటరు పైమాటే. అంటే అసలు కారులో 9 మి.మీ. సందు! ఎఫ్40 చేత్తో కట్టిన కారు, సందులు అంత సమంగా ఉండవని నాకూ తెలుసు. అయినా తొమ్మిదంటే మరీ ఎక్కువ.

పైగా పాతవాటి తలుపు తీయగానే ఆ వంకీ కీలు కనిపిస్తుంది. తలుపు ముందు అంచు నుంచి వంగిన లోహపు చెయ్యి ఒకటి లోపలికి పోతుంది, అది ఆడటానికి డాష్‌బోర్డు పక్కన ఇంత బెజ్జం. ఆ చెయ్యి తిరగాలి కాబట్టే సందు కూడా వదలాల్సి వస్తుంది. కొత్తవాటిలో కీలు చిన్నది, లోపల దాక్కుంటుంది. ఇది ఇంజనీరింగ్‌లో వచ్చిన మార్పు, దీన్ని కాదనలేం.

అద్దాలబీరువా
దీన్ని నేనూ కాదనను. అయితే లోపల ఏముందో కూడా చూడండి. ఎఫ్40 అంటే లోపల ఏమీ లేని కారు. కార్పెట్ లేదు, రేడియో లేదు, తలుపు తీయడానికి లోపల హ్యాండిల్ కూడా లేదు, ఒక తాడు లాగాలి. మొదట్లో వచ్చిన కార్లకి కిటికీ అద్దం కిందకి దిగేది కూడా కాదు, ప్లాస్టిక్ కిటికీ పక్కకి జరిగేది. పాతడబ్బా గారూ, మీ రెండింట్లో నేల ఎలా ఉంది?

పాతడబ్బా
నవ్వొస్తోంది. కొత్తదాంట్లో నేల మీద నల్లటి మెత్తటి కార్పెట్ ఫినిషింగ్! పాతదాంట్లో ఉత్త నల్ల ప్లాస్టిక్. తలుపుకి లోపల తాడు కొత్తదాంట్లో సన్న గీతలా అచ్చులోనే పోశారు, పాతదాంట్లో అదీ లేదు.

అద్దాలబీరువా
చూశారా. పాతది ఖర్చు మిగుల్చుకోబోయి అసలుకి దగ్గరైంది. కొత్తది ఖరీదుగా కనబడాలని లేని కార్పెట్ పరిచింది.

మూడోగేరు
హహహ. ఇది మాత్రం కొత్తవాళ్లకి తగలాల్సిందే. అలాగే వెనక చూడండి. మధ్యలో మూడు గొట్టాలు ఉంటాయి. పక్కవి రెండూ ఎగ్జాస్ట్, మధ్యది టర్బోలకి ఎక్కువైన పొగను బయటకి వదిలే వేస్ట్‌గేట్ గొట్టం. మూడూ లోపల బోలుగా ఉండాలి.

పాతడబ్బా
కొత్తదాంట్లో మూడూ బోలుగా, లోహపు మెరుపుతో ఉన్నాయి. పాతదాంట్లో మూడు వెండి చుక్కలు. ఇక్కడ పోటీ లేదు.

బొమ్మలబుట్ట
నేను ఈమధ్యే ఈ హాబీలోకి వచ్చాను. ఒక చిన్న సందేహం. బరువు ఎక్కువున్నది మంచిదని అందరూ అంటారు కదా? ఆ లెక్కన పాతదే మేలు కాదా?

జింకుముద్ద
బొమ్మలబుట్ట గారూ, ఆ మాట ఎంత వినబడుతుందో అంత తప్పు.

ఈ బాడీలు జామాక్ అనే మిశ్రమంతో చేస్తారు. ఎక్కువ భాగం జింకు, దాదాపు 4 శాతం అల్యూమినియం, ఇంకా కొద్దిగా మెగ్నీషియం, రాగి. నాలుగు వందల డిగ్రీల సెల్సియస్‌కి కాస్త అటూఇటూగా కరిగిపోతుంది కాబట్టి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొట్టి పోయడం తేలిక. బొమ్మ బరువెక్కిందంటే గోడ మందంగా పోశారన్నమాట. మందంగా పోస్తే లోహం అచ్చులో చక్కగా నిండుతుంది, పని సులువు. పలచగా పోసి, గీతలు పదునుగా తెచ్చి, వంకర పోకుండా తీయడం కష్టం. కిటికీ స్తంభాల దగ్గర చూస్తే తెలిసిపోతుంది. బరువైన బొమ్మల్లో ఆ స్తంభాలు అసలు కారు స్తంభాల కంటే ఎంతో లావుగా ఉంటాయి.

ఆటోఆర్ట్ లాంటి పేరున్న కంపెనీ కూడా 2010ల మధ్యకి వచ్చేసరికి చాలా మోడల్స్‌లో బాడీకి లోహం బదులు కాంపోజిట్ (ప్లాస్టిక్ మిశ్రమం) వాడటం మొదలుపెట్టింది. బాడీ పలచగా, సందులు సన్నగా వచ్చాయి. బరువు తగ్గిందని అప్పట్లో కలెక్టర్లు గోల చేశారు. నాకైతే చేతిలో బరువు కంటే కంటికి సందే ముఖ్యం. ఇది రుచిని బట్టి ఉంటుంది, అంతే.

తూనికరాయి
పైన ఇంకో మాట తేల్చాలి. పాతడబ్బా గారు రెండింటి అచ్చులూ వేరన్నారు. అది ఎలా తెలిసింది? ఎందుకడుగుతున్నానంటే, కొత్త డబ్బాలో పాత అచ్చు పెట్టి అమ్మడం ఈ రంగంలో కొత్తేం కాదు. రంగు మారుస్తారు, చక్రాలు మారుస్తారు, టాంపో ముద్రలు (మెత్తటి ప్యాడ్‌తో అద్దే గుర్తులు) మారుస్తారు, బాడీ మాత్రం అదే. అచ్చు లక్షల సార్లు వాడాక అంచులు అరుగుతాయి, రెండు భాగాలు కలిసే చోట సన్నటి రెక్కలా లోహం మిగులుతుంది. అలాంటి ‘కొత్త’ బొమ్మ పాతదానికంటే అధ్వాన్నంగా ఉండటం సహజం.

గీతలముక్క
అడుగున ఉన్న సంవత్సరం చూసి మోసపోకండి, అది కూడా చెప్పాలి. హాట్ వీల్స్ చిన్నకార్ల అడుగున ఉండే సంవత్సరం ఆ అచ్చు కాపీరైట్ సంవత్సరం. బొమ్మ తయారైన సంవత్సరం కాదు. నిన్న మొన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చిన దాని మీద కూడా ఎన్నో ఏళ్ల కిందటి అంకె ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు అది చూసి ‘అరుదైన పాత బొమ్మ’ అని మురిసిపోతుంటారు.

ఫెరారీ బొమ్మల్లో పాత, కొత్త అనే గీత కొంత లైసెన్స్ వల్ల కూడా పడింది. 1999లో హాట్ వీల్స్ యజమాని మాటెల్ ఫెరారీతో ఒప్పందం చేసుకుంది, ఆ తర్వాత చాలా ఏళ్లు 1:18 ఫెరారీలు ఎక్కువగా హాట్ వీల్స్ పేరు మీదే వచ్చాయి. 2015 నుంచి ఆ చోటులోకి బురాగో అనే మరో బొమ్మకార్ల బ్రాండ్ వచ్చింది. అందుకే ఒకే కారుకి తొంభైల అచ్చు ఒకరిది, రెండు వేల దశకం అచ్చు ఇంకొకరిది, ఇప్పటి అచ్చు మరొకరిది అయ్యే అవకాశం ఎక్కువ. ‘పాతదాన్ని మెరుగుపరిచి కొత్తది చేశారు’ అనుకుంటాం గానీ, చాలాసార్లు ఇద్దరు వేర్వేరు శిల్పులు ఒకే కారును విడివిడిగా చూసి చేసిన పనులవి.

పాతడబ్బా
తూనికరాయి గారూ, కింద స్క్రూలు విప్పి బాడీ లోపలి వైపు చూశాను. పోతపోసినప్పుడు బాడీని బయటకి నెట్టే పిన్నుల గుండ్రటి గుర్తులు రెండింట్లో వేర్వేరు చోట్ల ఉన్నాయి. స్క్రూలు పట్టే స్తంభాలు కూడా వేరు. ఒకే అచ్చు అయ్యే అవకాశమే లేదు.

తూనికరాయి
అంతకంటే రుజువు అక్కర్లేదు.

జింకుముద్ద
విప్పారు కాబట్టి ఇంకో పని కూడా చేయండి. పాతదాని బాడీ లోపల రంగు లేని చోట సన్నటి పగుళ్లు, చిన్న పొక్కులు ఉన్నాయేమో చూడండి. అంచులు ఉబ్బినట్టున్నా, తలుపు ఇంతకు ముందులా పడకుండా బిగిసినా అనుమానించాల్సిందే.

బొమ్మలబుట్ట
అదేంటండీ? తుప్పా?

జింకుముద్ద
తుప్పులాంటిదే గానీ బయట నుంచి రాదు. జింకులో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోపలి నుంచే, రేణువుల మధ్యనే పాడవుతుంది. మెల్లగా ఉబ్బుతుంది, పగులుతుంది, చివరికి చేతిలో పొడి అవుతుంది. జింక్ పెస్ట్ అంటారు. తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బొమ్మల్లో ఎక్కువ. ఆ తర్వాత చాలా శుద్ధమైన జింకు వాడటంతో బాగా తగ్గింది. తొంభైల బొమ్మకి భయపడాల్సిన పని అంతగా లేదు, కానీ మలినం ఎక్కడైనా కలవొచ్చు. ఒకసారి మొదలైతే మందు లేదు. పక్క బొమ్మకి అంటుకుంటుందని కొందరు భయపెడతారు, అది అబద్ధం.

పాతడబ్బా
పగుళ్లు లేవు. కానీ ఇంకోటి కనబడింది. టైర్లు రిమ్ముకి ఆనే చోట ప్లాస్టిక్ మెత్తబడి, జిగటగా ఉంది. డబ్బా అడుగున టైర్లు ఆనిన చోట కూడా నాలుగు గుంటలు పడ్డాయి.

ఎయిర్‌బ్రష్
అది పాత మెత్తటి టైర్ల జబ్బు. వినైల్ టైరును మెత్తగా ఉంచడానికి కలిపే ప్లాస్టిసైజర్ ఏళ్ల తరబడి బయటకి ఊరుతుంది. అది పాలిస్టైరిన్ లాంటి ప్లాస్టిక్‌కి తగిలితే దాన్ని కరిగిస్తుంది. బండిని అడుగు కింద ఏదైనా దిమ్మ పెట్టి లేపండి, టైర్లు దేనికీ ఆనకూడదు. రిమ్ముకీ టైరుకీ మధ్య పలచటి పాలిథిన్ పట్టీ వేసినా కొంత ఆగుతుంది, పాలిథిన్‌ని అది కరిగించలేదు. ఎండ తగలనివ్వకండి. ఎరుపు ఎండకి త్వరగా వెలిసిపోతుంది.

మూడోగేరు
అయితే ఆ టైర్లు ఎలాగూ పనికిరావు కదా. నాకొక ఆలోచన వచ్చింది. పాత బాడీ బాగుంది, చక్రాలు తప్పు. కొత్త చక్రాలు బాగున్నాయి, బాడీ మీద రంగు మందం. వీల్‌బేస్ రెండింటికీ 136 అని మీరే కొలిచారు. చక్రాలు అటు మార్చేయండి!

అద్దాలబీరువా
అయ్యో. పాతదాన్ని పాతదానిలాగే ఉండనివ్వండి. ఒకసారి చక్రం మార్చాక అది ఏ కాలానిదీ కాకుండా పోతుంది.

మూడోగేరు
డబ్బా తెరిచి ఆడుకున్న బొమ్మ, రిమ్ములు కరుగుతున్న బొమ్మ. దానికి మ్యూజియం మర్యాదలు ఎందుకండీ? పాత చక్రాలు పారేయమనడం లేదుగా, ఒక కవర్లో వేసి దాచుకుంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి పెట్టుకోవచ్చు.

అద్దాలబీరువా
వెనక్కి పెట్టుకునేలా చేస్తే నాకు అభ్యంతరం లేదు. కోయడం, అతికించడం మాత్రం వద్దు.

పాతడబ్బా
నాకూ అదే నచ్చింది. కొత్తదాన్ని ఇంజన్ మూత తెరిచి విడిగా బల్ల మీద పెడతాను, దాని అందం అంతా అక్కడే ఉంది. దానికి పాత చక్రాలు వేసినా మూత తెరిచి ఉంటే అటు ఎవరూ చూడరు. కాదు కాదు, ఆ కరిగే టైర్లు దానికి తొడగను, కింద దిమ్మ పెడతాను. బీరువాలో చోటు పాతదానికి. ఎత్తు సంగతి ఏం చేయాలి? స్ప్రింగు కోయకుండా దించే దారి ఉందా?

తూనికరాయి
ఉంది. స్ప్రింగు తీసేసి దాచండి. దాని చోట ఇరుసు పైన ప్లాస్టిక్ షీటు ముక్కలు పేర్చి, కావలసిన ఎత్తు వచ్చాక ఆపండి. జిగురు అక్కర్లేదు, స్క్రూ బిగిస్తే అవే పట్టుకుంటాయి. పాత టైర్లు నాలుగూ ఒకే సైజు కాబట్టి కారు సమంగా ఉండేది. ఇప్పుడు వెనక చక్రం ముందుదానికంటే 2 మి.మీ. పెద్దది, అంటే వెనక ఇరుసు 1 మి.మీ. పైకి పోతుంది. పేర్చేటప్పుడు ఆ తేడా వదలండి, లేకపోతే ముక్కు నేలకి వాలుతుంది.

ఇంకో మాట. ఇరుసు మందం రెండింట్లో ఒకటే అని అనుకోకండి. విప్పే ముందు రెండూ కొలిచి ఇక్కడ రాయండి. పాతదాని ఇరుసు సన్నగా ఉంటే సన్నటి గొట్టం ముక్క తొడిగితే సరిపోతుంది. లావుగా ఉంటే మాత్రం చక్రం బెజ్జం పెద్దది చేయాలి, అప్పుడు డ్రిల్ జోలికి పోకుండా గుండ్రటి ఆకురాయితో నెమ్మదిగా పోండి.

పాతడబ్బా
కొలిచాను. పాతది 2.5, కొత్తది 3.

తూనికరాయి
అదృష్టవంతులు. లోపల 2.5, బయట 3 ఉన్న ఇత్తడి గొట్టం తెచ్చుకోండి. వెనక చక్రాలతో మొదలుపెట్టండి, లావు టైరు ఫెండర్ లోపల ఎక్కడా రాసుకోకుండా తిరుగుతోందో లేదో అక్కడే తెలిసిపోతుంది.